ఆస్పత్రి తాళం, సెనేటర్ ఉత్తరం

గ్యాస్ బండ ఇంటికి వస్తే ఓటీపీ చెప్పందే డెలివరీ ముగియదు. నెట్ బ్యాంకింగ్‌లో ఐదొందలు పంపాలన్నా ఫోన్‌కి నంబరు రావాల్సిందే. పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా రెండో తాళం మన జేబులోనే ఉంటుందన్నది దీని వెనకున్న లెక్క. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక కంపెనీ సర్వర్‌కి ఆ రెండో తాళం లేదు. ఎక్కడో కొట్టేసిన పాస్‌వర్డ్‌తో ఫిబ్రవరి 12న హ్యాకర్లు లోపలికి వచ్చారు. తొమ్మిది రోజులు తీరిగ్గా తిరిగారు. 21న ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమన్నారు. ఆ రెండో తాళం ఎందుకు లేదని తర్వాత నిలదీసిన అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ గురించే ఈ కథ.

ఆ కంపెనీ చేంజ్ హెల్త్‌కేర్. చాలామంది అమెరికన్లే అప్పటిదాకా ఆ పేరు విని ఉండరు. ఒక పక్క డాక్టర్లు, మందుల షాపులు. ఇంకో పక్క ఇన్సూరెన్స్ కంపెనీలు. మధ్యలో బిల్లులు అటూ ఇటూ చేరవేయడం దాని పని. ఏడాదికి 1500 కోట్ల లావాదేవీలు దాని గుండానే నడిచేవి. మన ఆరోగ్యశ్రీలో ఆస్పత్రి పంపిన కాగితాలు ట్రస్టు చూసి సరేనంటేనే ఆపరేషన్ డబ్బు వస్తుంది కదా. ఆ కాగితాలు వెళ్లే దారిలో పెద్ద వాటా ఒకే వంతెన మీదుగా ఉండి, ఒక పొద్దున లేచేసరికి ఆ వంతెన కూలిపోతే ఎలా ఉంటుందో అక్కడ అలా అయింది. కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ పడక జనం చేతి డబ్బు పెట్టి మందులు కొన్నారు. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ ఆ మార్చిలో సుమారు వెయ్యి ఆస్పత్రులను అడిగితే, 94 శాతం డబ్బుకు ఇబ్బంది వచ్చిందన్నాయి. రోగుల చికిత్సకే దెబ్బ తగిలిందన్నవి 74 శాతం. అమెరికా మెడికల్ బిల్లింగ్, కోడింగ్ పని హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లకు అన్నం పెడుతోందో తెలిసినవారికి, ఆ వంతెన అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

చేంజ్‌ను 2022లో యునైటెడ్‌హెల్త్ గ్రూప్ కొనుక్కుంది. అప్పులతో కలిపి సుమారు 1300 కోట్ల డాలర్ల బేరం. ఇంత పెద్ద కంపెనీ అంత కీలకమైనదాన్ని మింగేయడం మంచిది కాదని ప్రభుత్వమే కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. దాడి తర్వాత యునైటెడ్‌హెల్త్ 2.2 కోట్ల డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టింది. దొంగల్లో దొంగలకే కుదరక, డబ్బు తీసుకున్న ముఠా తన మనుషులకే వాటా ఎగ్గొట్టి మాయమైంది. డేటా మాత్రం ఇంకో ముఠా చేతిలో తేలింది, బెదిరింపులు మళ్ళీ మొదలయ్యాయి. చివరికి తేలిన లెక్క ప్రకారం 19 కోట్ల మందికి పైగా అమెరికన్ల వివరాలు బయటికి పోయాయి.

2024 మే 1న యునైటెడ్‌హెల్త్ సీఈఓ ఆండ్రూ విటీ సెనేట్ ఫైనాన్స్ కమిటీ ముందు కూర్చున్నారు. ఎదురుగా అధ్యక్ష స్థానంలో ఒరెగాన్ రాష్ట్ర డెమొక్రాట్ సెనేటర్ రాన్ వైడెన్. సైబర్ భద్రతలో మొదటి పాఠం చదివినా ఈ దాడి ఆగేదని వైడెన్ అన్నారు. రిపబ్లికన్ సెనేటర్ థామ్ టిల్లిస్ అయితే, హ్యాకింగ్‌లో ఓనమాలు నేర్పే పుస్తకం ఒకటి వెంట తెచ్చి అందరికీ చూపించారు. రెండో తాళం ఎందుకు లేదన్న ప్రశ్నకు, కొత్తగా కొన్న కంపెనీ, పాత టెక్నాలజీ, మార్చే పనిలోనే ఉన్నాం అన్నది విటీ జవాబు. దాడి నాటికే కొని పదహారు నెలలైంది. ఓటీపీ పెట్టడానికి అంత కాలం పట్టదు.

ఆ నెలాఖరులో వైడెన్ రెండు సంస్థలకు ఉత్తరం రాశారు. ఒకటి షేర్ మార్కెట్‌ను చూసే ఎస్ఈసీ, ఇంకొకటి వినియోగదారుల సంగతి చూసే ఎఫ్‌టీసీ. ఇలాంటి ఘటన జరిగినప్పుడు కంపెనీలు కింది ఉద్యోగి ఒకరిని బలిపశువును చేసి చేతులు దులుపుకుంటాయి. వైడెన్ ఆ దారిలో వెళ్లలేదు. సైబర్ భద్రత బాధ్యుడిగా పెట్టిన అధికారి అంతకుముందు ఆ రంగంలో పూర్తికాలం పని చేసినవాడు కాడు. అలాంటి మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన సీఈఓనూ బోర్డునూ అడగండి అన్నది ఉత్తరం సారం. ఇక్కడే ఈ మనిషి పనితీరు తెలుస్తుంది. తప్పు కంప్యూటర్‌లో కాదు, కంప్యూటర్ మీద ఎంత ఖర్చు పెట్టాలో తేల్చే గదిలో ఉందని ఆయన వాదన.

వైడెన్ రాజకీయం మొదలైంది వైద్యం దగ్గరే. యువకుడిగా ఒరెగాన్‌లో వృద్ధుల హక్కుల సంఘం గ్రే పాంథర్స్ శాఖను నిలబెట్టినవారిలో ఒకరు. 1981 నుంచి ప్రతినిధుల సభలో, 1996 నుంచి సెనేట్‌లో ఉన్నారు. 1994 ఏప్రిల్‌లో ఏడుగురు సిగరెట్ కంపెనీల అధిపతులు ప్రమాణం చేసి సభా సంఘం ముందు నిలబడ్డప్పుడు, నికోటిన్‌కి మనిషి అలవాటు పడతాడా లేదా, ఒక్కొక్కరూ చెప్పండి అని వరసగా అడిగింది ఆయనే. ఏడుగురూ పడడనే అన్నారు. ఆ వీడియో తర్వాత ఆ కంపెనీలను ఏళ్ల తరబడి వెంటాడింది. 2013 మార్చిలో నిఘా అధిపతి జేమ్స్ క్లాపర్‌ను, కోట్ల మంది అమెరికన్ల డేటా ఏదైనా సేకరిస్తున్నారా అని అడిగారు. కావాలని అయితే లేదు అన్నారు క్లాపర్. మూడు నెలలు తిరక్కుండానే నిఘా సంస్థ మాజీ కాంట్రాక్టర్ ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాలతో ఆ జవాబు తేలిపోయింది.

అవునా కాదా అని అడగడం, జవాబును రికార్డుకు ఎక్కించడం, తర్వాత కాలానికి వదిలేయడం. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. చట్టసభ సభ్యుడి పనిని ఆయన పాస్ చేయించిన బిల్లులతో కొలవడం మనకు అలవాటు. ఆ కొలబద్దతో సైబర్ విషయంలో వైడెన్‌కు వచ్చే మార్కులు తక్కువే. ఉత్తరాలతో కొలిస్తే లెక్క మారిపోతుంది.

2018లో, ఫోన్ ఎక్కడుందో తెలిపే వివరాలను టెలికాం కంపెనీలు మధ్యవర్తులకు అమ్ముకుంటున్నాయని ఆయన ఉత్తరం రాశారు. కొద్ది వారాల్లోనే కంపెనీలు ఆ అమ్మకం ఆపేస్తామన్నాయి. టెలికాం రంగాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ జరిమానా వేసేసరికి మాత్రం 2024 ఏప్రిల్ అయింది, మొత్తం కలిపి దాదాపు 20 కోట్ల డాలర్లు. 2023 డిసెంబరులో ఇంకో ఉత్తరం. ఫోన్ తెర మీద టింగుమని వచ్చే నోటిఫికేషన్లు ఆపిల్, గూగుల్ సర్వర్ల మీదుగానే వస్తాయి, వాటి వివరాలు ప్రభుత్వాలు అడిగి తీసుకుంటున్నాయి, ఆ సంగతి బయటికి చెప్పకుండా కంపెనీల నోరు కట్టేశారు అని. రోజుల వ్యవధిలో ఆపిల్ నిబంధన మార్చి, జడ్జి ఆదేశం ఉంటేనే ఇస్తామంది. ఒక్క ఓటింగు లేదు, ఒక్క బిల్లు లేదు.

అదే నెలలో మందుల షాపుల సంగతి. ప్రతినిధుల సభ సభ్యులు ప్రమీలా జయపాల్, సారా జేకబ్స్‌తో కలిసి ఎనిమిది పెద్ద ఫార్మసీ చైన్లను ఆరా తీస్తే, పోలీసులు వచ్చి అడిగితే వారెంట్ లేకపోయినా అన్నీ రోగుల వివరాలు ఇచ్చేస్తున్నాయని తేలింది. వాటిలో మూడు చైన్లలో అయితే కౌంటర్ దగ్గరి సిబ్బందే అక్కడికక్కడ ఇచ్చేయవచ్చు, లాయర్‌ను అడగక్కర్లేదు. మందుల చీటీ చూస్తే మనిషి గురించి తెలియనిదేముంది? సుగరు, డిప్రెషన్, గర్భం, హెచ్ఐవీ, అన్నీ అందులోనే ఉంటాయి. సైబర్ భద్రత వేరు, ఆరోగ్యం వేరు అని ఫైళ్లు విడదీసే అధికారులకు ఈ ఉదాహరణ ఒక్కటి చాలు. దొంగ హ్యాక్ చేసి తీసుకున్నా, అధికారి అడిగి తీసుకున్నా పోయేది ఆ చీటీనే.

ఇక ఊళ్ల సంగతి. ఒరెగాన్‌లో 36 కౌంటీలున్నాయి, మన జిల్లాల్లాంటివి. పోర్ట్‌లాండ్ ఉన్న మల్ట్నోమా కౌంటీలో సుమారు 8 లక్షల జనం. ఫాసిల్ అనే చిన్న ఊరు కేంద్రంగా ఉన్న వీలర్ కౌంటీలో దాదాపు 1400 మంది, మన పక్క ఒక చిన్న పంచాయతీ అంత. ఏటా ప్రతి కౌంటీలోనూ ఒక బహిరంగ సభ పెడతానన్నది వైడెన్ పెట్టుకున్న నియమం. ఇప్పటికి వెయ్యి దాటాయి. మన రచ్చబండ, ప్రజావాణి లాంటివే కానీ అర్జీలు తీసుకునే బల్లలు, వరసలు అక్కడ ఉండవు. ఎవరైనా లేచి ఏమైనా అడగవచ్చు. ఓట్ల లెక్కలో వీలర్ కౌంటీకి అంత దూరం వెళ్లడం గిట్టుబాటు కాదు. పైగా తూర్పు ఒరెగాన్ ఆయన పార్టీకి ఓటేసే ప్రాంతమూ కాదు. అయినా హ్యాకర్ల దెబ్బ గట్టిగా తగిలేది అలాంటి చోటే. ఊరికి ఉన్న ఒక్క ఆస్పత్రి ఆగితే అక్కడ ఇంకోటి ఉండదు మరి.

క్లామత్ ఫాల్స్‌లో స్కై లేక్స్ మెడికల్ సెంటర్ ఉంది. 2020 అక్టోబరులో, కోవిడ్ నడుస్తుండగా, ఈమెయిల్‌లో వచ్చిన లింకును ఉద్యోగి ఒకరు నొక్కారు. రియుక్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, లోపలికి వచ్చింది. ఆస్పత్రి డబ్బు కట్టలేదు. దానికి బదులు సుమారు 2000 కంప్యూటర్లు మార్చుకుంది. వారాల తరబడి డాక్టర్లు, నర్సులు కాగితం మీద రాసుకుని పని నడిపారు. కంప్యూటర్ తెర మీద తప్ప కేస్ షీట్ ఎన్నడూ నింపని కుర్ర డాక్టర్లకు పెన్ను పట్టుకోవడమే కొత్త. అదే ఏడాది జనవరిలో టిల్లమూక్ కౌంటీ ఆఫీసు కంప్యూటర్లకు తాళం పడింది. జున్నుకు పేరున్న సముద్రతీరపు కౌంటీ అది. 3 లక్షల డాలర్లు కట్టి తాళం తీయించుకుంది. 2023లో కరీ కౌంటీ వంతు. ఆ ఏడాదే మూవ్‌ఇట్ అనే ఫైల్ బదిలీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపంతో ఒరెగాన్ డ్రైవింగ్ లైసెన్స్ శాఖ నుంచి దాదాపు 35 లక్షల మంది వివరాలు పోయాయి. ఇంటెల్ పుణ్యమా అని హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ తెలుగువాళ్ల లైసెన్సులూ ఆ కుప్పలో లేవని ఎవరూ భరోసాగా అనలేరు.

చిన్న ఊరి ఆస్పత్రికి సైబర్ నిపుణుణ్ని పెట్టుకోమని చెప్పడం తేలిక. బేకర్ సిటీలో 2023లో ప్రసూతి వార్డే మూసేశారు. మూయొద్దని, కనీసం వాయిదా వేయమని వైడెన్ సహా రాష్ట్ర నాయకులు ఒత్తిడి తెచ్చినా ఆగలేదు. నొప్పులు వస్తే ఇప్పుడు కొండ దారిలో సుమారు 70 కిలోమీటర్లు పోయి లా గ్రాండ్ చేరాలి. నర్సులకే దిక్కులేని చోట ఫైర్‌వాల్‌కు డబ్బెక్కడిది? ఈ ఊళ్ల బీదరికానికీ ఒక చరిత్ర ఉంది. భూమిలో ఎక్కువ భాగం కేంద్రం అడవి. కలప అమ్మితే వచ్చేదాంట్లో నాలుగో వంతు కౌంటీలకు దక్కేది. 1990లో మచ్చల గుడ్లగూబను రక్షిత జాబితాలో చేర్చాక కలప నరకడం పడిపోయింది, బడులకూ రోడ్లకూ డబ్బు ఆగిపోయింది. ఆ లోటు పూడ్చే చట్టాన్ని 2000లో రిపబ్లికన్ సెనేటర్ లారీ క్రెయిగ్‌తో కలిసి వైడెన్ తెచ్చారు. 2023తో గడువు ముగిసి ఆగిన ఆ సాయాన్ని 2025 డిసెంబరులో మళ్ళీ పునరుద్ధరించారు. సైబర్ చట్టాల్లో దొరకని విజయం ఆయనకు గుడ్లగూబ దగ్గర దొరికింది.

ఈ పరిస్థితి తెలిసినందువల్లే కావచ్చు, 2024 సెప్టెంబరులో సెనేటర్ మార్క్ వార్నర్‌తో కలిసి పెట్టిన ఆరోగ్య రంగ భద్రతా బిల్లులో కర్రా ఉంది, బెల్లమూ ఉంది. ఆస్పత్రులకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు కనీస ప్రమాణాలు, ఏటా ఆడిట్. దాడి జరిగితే ఎన్ని రోజుల్లో తేరుకోగలరో పరీక్ష. మా దగ్గర అన్నీ సవ్యంగా ఉన్నాయని సీఈఓ సంతకం పెట్టాలి, అది అబద్ధమైతే జైలు. పాత చట్టంలో జరిమానాకున్న పరిమితి ఎత్తివేత. పరిమితి ఉన్నంతకాలం పెద్ద కంపెనీకి జరిమానా అంటే కరెంటు బిల్లు లాంటిదే. ఇంకో పక్క 130 కోట్ల డాలర్ల సాయం, అందులో 80 కోట్లు పల్లెల్లోనూ పేదల పేటల్లోనూ ఉన్న 2000 ఆస్పత్రులకు ముందుగానే. 2017 తర్వాత ఆరోగ్య శాఖ తనంతట తానుగా భద్రతా ఆడిట్లు చేయడమే మానేసిందన్నది బిల్లు పెట్టినవారి ఫిర్యాదు.

బిల్లుకు ఆ సభ గడువుతోనే కాలం చెల్లింది. ఆస్పత్రుల సంఘం వాదనను కొట్టిపారేయలేం: దాడికి గురైనవాడి మీదే జరిమానా వేస్తే, ఆ డబ్బు భద్రతకు కాక ఖజానాకు పోతుంది. చేంజ్ విషయంలో ఆస్పత్రులు చేసిన తప్పేమీ లేదు, మధ్యవర్తి చేసిన తప్పుకు అవి నష్టపోయాయి. వైడెన్ బిల్లులోని బలహీనత నిజానికి ఇంకోటి. ఇన్ని కోట్ల లావాదేవీలు ఒకే కంపెనీ గుండా నడవడమే ప్రమాదమైతే, ఆ కంపెనీకి ఇంకో తాళం వేయించడం సగం పరిష్కారమే. విలీనాల మీద ఆయన గట్టిగా మాట్లాడతారు, బిల్లు మాత్రం తాళం దగ్గరే ఆగింది.

2025 జనవరిలో సెనేట్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. వైడెన్‌కు ఫైనాన్స్ కమిటీ అధ్యక్ష పదవి పోయింది, దానితో సీఈఓలను పిలిపించి కూర్చోబెట్టే అధికారమూ పోయింది. మిగిలినవి ఉత్తరం, ఇంకా హోల్డ్. పదవికి ప్రతిపాదించిన వ్యక్తి ఆమోదం త్వరగా జరగకుండా ఒక్క సెనేటర్ అడ్డం పడే ఆనవాయితీ ఈ హోల్డ్. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) అధిపతిగా ప్రతిపాదించిన సీన్ ప్లాంకీకి వైడెన్ అలాగే అడ్డం పడ్డారు. ఆ మనిషి మీద పేచీ లేదు. అమెరికా ఫోన్ నెట్‌వర్క్‌ల బలహీనతలపై 2022లో తయారైన నివేదికను ఆ సంస్థ దాచిపెట్టింది, అది బయటపెట్టేదాకా కదలనివ్వను అన్నారు. సాల్ట్ టైఫూన్ పేరుతో చైనా హ్యాకర్లు పెద్ద టెలికాం కంపెనీల్లోకి, పోలీసుల కోసం ఉంచిన ఫోన్ ట్యాపింగ్ వ్యవస్థల దాకా దూరిన సంగతి అప్పటికే బయటపడింది. పోలీసులకని పెట్టిన దొడ్డిదారిలో ఎవరైనా రావచ్చన్న మాట వైడెన్ ఏళ్లుగా చెబుతున్నదే. అయినా సైబర్ సంస్థకు పూర్తిస్థాయి అధిపతి లేకుండా ఆపడం ద్వారా సైబర్ భద్రత సాధించడమంటే, వైద్యం బాగాలేదని డాక్టర్‌ను గుమ్మంలోనే నిలబెట్టినట్టుంది.

మన దగ్గర ఇలాంటి ఘటనలు లేవా అంటే, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. 2024లో స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్ కస్టమర్లు 3.1 కోట్ల మంది వివరాలు అమ్మకానికి పెట్టామని హ్యాకర్ ప్రకటించుకున్నాడు, టెలిగ్రామ్ బాట్ ద్వారా నమూనాలూ పంచాడు. పార్లమెంటులో ప్రశ్నలు వచ్చినా జవాబు చెప్పేది మంత్రి, అదీ చాలావరకు రాతపూర్వకంగా. స్థాయీ సంఘాలు ప్రైవేటు కంపెనీల పెద్దలను పిలిపించగలవు కానీ ఆ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. రెండో తాళం ఎందుకు లేదని ఒక కంపెనీ అధిపతిని అడగడం, ఆయన నీళ్లు నమలడం దేశమంతా చూసే దృశ్యం ఇక్కడ లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రశ్న అడిగే వేదిక ఆ చట్టంలో ఉండదు.

వైడెన్ ఇటీవలి ఉత్తరాల్లో అన్నిటికన్నా ఘాటైనది 2025 సెప్టెంబరు నాటిది. గురి మైక్రోసాఫ్ట్ మీద. 2024 మేలో అసెన్షన్ అనే ఆస్పత్రుల గొలుసు మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 56 లక్షల మంది వివరాలు పోయాయి, కొన్నిచోట్ల అంబులెన్సులను వేరే ఆస్పత్రులకు మళ్లించారు. దాడి మొదలైన తీరు వైడెన్ సిబ్బంది రాబట్టారు. కాంట్రాక్టర్ ఒకరు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బింగ్‌లో ఏదో వెతికి, ఫలితాల్లో వచ్చిన దొంగ లింకు నొక్కారు. ఒక్క ల్యాప్‌టాప్ పోతే పోనీ అనుకోవచ్చు. అక్కడి నుంచి ఆస్పత్రుల మొత్తం నెట్‌వర్క్ తాళాల గుత్తి చేజిక్కేదాకా దొంగలకు తోడ్పడింది ఆర్‌సీ4 అనే పాత గుప్తలిపి. 1980ల నాటిది, బలహీనమని నిపుణులు చెప్పి ఏళ్లయింది. విండోస్‌లో ఎవరైనా అడిగితే అప్పటికీ అదే ఇచ్చే ఏర్పాటు ఉండేది. దొంగ అడిగేది దాన్నే. పాత లిపిలో వచ్చిన టికెట్‌ను, అంటే నెట్‌వర్క్‌లో ప్రవేశపు చీటీ లాంటిదాన్ని, ఇంటికి పట్టుకుపోయి, సొంత కంప్యూటర్ మీద తీరిగ్గా పాస్‌వర్డ్ పగలగొట్టుకుంటాడు. దీనికి కెర్బెరోస్టింగ్ అని పేరు.

నిప్పు పెట్టి, ఆ ఇంటివాళ్లకే నిప్పార్పే సేవలు అమ్మేవాడితో మైక్రోసాఫ్ట్‌ను పోల్చింది ఆ ఉత్తరం. భద్రతా సేవలు విడిగా అమ్ముకోవడం ఆ కంపెనీకి పెద్ద వ్యాపారం కాబట్టి ఎత్తిపొడుపు సూటిగానే తగిలింది. తమ ట్రాఫిక్‌లో ఆర్‌సీ4 వాటా 0.1 శాతం కూడా లేదని, ఒక్కసారిగా తీసేస్తే పాత వ్యవస్థలు నడుపుతున్న కస్టమర్ల పని ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది. ఇది పూర్తిగా సాకు కాదు. పదిహేనేళ్ల నాటి స్కానింగ్ మెషీన్ పక్కన అంతే వయసున్న కంప్యూటర్ మూలుగుతూ ఉండే గది ఏ ఆస్పత్రిలోనైనా ఉంటుంది. కానీ గోడంతా గట్టిగా ఉండి చిన్న కన్నం మాత్రమే ఉందనడం దొంగకు పనికొచ్చే సమాచారమే తప్ప ఇంటివాడికి ఊరట కాదు.

2025 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తేదీ చెప్పింది. 2026 మధ్య నాటికి విండోస్ సర్వర్లలో ఆర్‌సీ4ను మామూలుగా పని చేయకుండా ఆపేస్తామంది. ఉత్తరం రాకముందే కంపెనీ ఆ ఆలోచనలో ఉంది కాబట్టి ఘనత అంతా వైడెన్ ఖాతాలో వేయలేం. పాత లిపే కావాలనుకునే ఆస్పత్రి మాత్రం, తన అడ్మిన్‌తో సెట్టింగ్ మార్పించుకుని దాన్నే వాడుకోవచ్చు.